గోడ అవతలి గ్యాలరీ

ఈ శీర్షికలో ఇప్పటిదాకా లేబర్ కార్డు, గ్రాట్యుటీ లెక్క, ఎండదెబ్బ, ఏజెంట్ల మోసాలు... ఇట్లాంటి సంగతులే రాస్తూ వచ్చాం. ఈ వారం కొంచెం దారి మళ్లుతున్నాం. ఆర్ట్ గ్యాలరీల గురించి, వాటిలో పెట్టే ఎగ్జిబిషన్ల గురించి రాస్తున్నాం. పేజీ తిప్పకండి! "గవన్నీ మనకెందుకన్నా, పైసలున్నోళ్ల ముచ్చట" అని మీరు అనబోతున్నారని మాకు తెలుసు. క్యాంపుల్లో ఎవర్ని కదిపినా వచ్చే మొదటి జవాబు అదే. అందుకే రాయాలనిపించింది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనకు ఎగ్జిబిషన్ అంటే నాంపల్లి నుమాయిష్. జైంట్ వీల్, మిర్చి బజ్జీ, కశ్మీరు శాలువాలు, భుజం మీద పిల్లలు. ఇక్కడి గ్యాలరీలో ఎగ్జిబిషన్ అంటే వేరు. పెద్ద హాలు, తెల్ల గోడలు, చల్లటి ఏసీ. గోడలకు బొమ్మలు వేలాడుతుంటాయి. లేదంటే నేల మీద ఏదో వస్తువు పెట్టి ఉంటుంది. లేదంటే చీకటి గదిలో సినిమా నడుస్తుంటుంది. కొన్ని నెలలు ఉంచి తీసేస్తారు, ఇంకొకటి పెడతారు. బొమ్మలు అమ్ముకునే గ్యాలరీలు ఉన్నాయి, అమ్మకం లేకుండా చూపించడానికే పెట్టిన సంస్థలూ ఉన్నాయి. మామూలుగా చూసినందుకు రెండింట్లోనూ పైసా అడగరు. కొంటారా అని కూడా అడగరు. లోపలికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది కొనేవాళ్లు కాదని వాళ్లకు బాగా తెలుసు.

దుబాయిలో అల్ కూజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండే మిత్రులకు ఈ సంగతి మరీ దగ్గరిది. అక్కడ ఒక వీధిలో మన క్యాంపులు, పక్క వీధిలో గ్యారేజీలు, టైర్ల షాపులు, ఆ పక్కన అల్ సర్కాల్ అవెన్యూ. బయటి నుంచి చూస్తే వరుసగా గోడౌన్లే. నిజంగానే గోడౌన్లు. 2008లో వాటిలో గ్యాలరీలు మొదలయ్యాయి. 2015లో పక్కనే పాత మార్బుల్ ఫ్యాక్టరీ ఉన్న జాగాలోకి కూడా పెరిగాయి. 2017లో నాలుగు గోడౌన్లను కలిపి 'కాంక్రీట్' అనే పెద్ద హాలు తయారు చేశారు. దాని డిజైన్ చేసింది ప్రపంచంలో పేరు మోసిన ఓఎంఏ కంపెనీ. మార్బుల్ కోసిన చోట, సరుకు దించిన చోట ఇప్పుడు బొమ్మలు పెడుతున్నారన్నమాట. ఆ పక్క గోడకు ఆనుకుని సైకిల్ మీద రోజూ పోయేవాళ్లలో చాలామందికి లోపల ఏముందో తెలియదు. తెలిసినా లోపలికి పోవచ్చని తెలియదు.

సరే, పోతే ఏం కనిపిస్తుంది? అర్థం కానివి కనిపిస్తాయి, దాచడం ఎందుకు! ఒక తెల్ల కాన్వాసు మీద ఒక గీత ఉంటే దాని ముందు ఎంతసేపు నిలబడాలో మాకూ తెలియదు. కానీ ఇన్నేళ్లలో ఈ దేశంలో పెట్టిన ఎగ్జిబిషన్లలో కొన్నింటి గురించి చెబితే ఇవి మన ముచ్చట్లా కాదా మీరే తేల్చుకుంటారు.

ఇంటర్‌లాక్ పని చేసినవాళ్లు మనలో ఎంతమంది! ఫుట్‌పాత్ మీద, పార్కింగ్‌లో పరిచే సిమెంటు ఇటుకలు. కేబుల్ కోసమో పైపు కోసమో వాటిని తవ్వి పక్కన కుప్ప పోస్తారు. పని అయ్యాక మళ్లీ పరుస్తారు. పార్కింగ్ గీతలు వాటి మీదే రంగుతో వేసి ఉంటాయి కదా, తిరిగి పరిచేటప్పుడు ఏ ఇటుక ఎక్కడిదో ఎవరు చూస్తారు? ఫోర్‌మన్ "యాల్లా యాల్లా" అంటుంటే చేతికొచ్చింది పెట్టుకుంటూ పోవడమే. దాంతో నిట్టనిలువు గీత కాస్తా ముక్కలు ముక్కలై ఎటో పడుతుంది. ఈ దేశంలో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది ఈ చిత్రం. విక్రమ్ దివేచా అని ఒక కళాకారుడు. ముంబైలో పెరిగి దుబాయిలో పని చేసినవాడు. ఆయన కన్ను ఈ చెదిరిన గీతల మీద పడింది. 2013లో వీటినే పట్టుకుని ఒక పని చేశాడు. అట్లాంటి ఇటుకలే, గీతలు తెగిపోయి, ఒకదానికొకటి కలవకుండా. అందరూ అడ్డదిడ్డం అనుకునేదాన్ని ఆయన బొమ్మగా చూపించాడు. ఆ బొమ్మను వేసినవాళ్లు ఎవరు? ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఇటుకలు పరిచినవాళ్లే. వాళ్లకు మాత్రం బొమ్మ వేస్తున్నామని తెలియదు.

అదే మనిషి 2015లో షార్జాలో మున్సిపాలిటీ తోటపని వాళ్లతో కలిసి ఇంకో పని చేశాడు. చెట్ల కంచెలను కత్తెరతో నున్నగా, ఒకే తీరుగా కత్తిరించడం వాళ్ల రోజువారీ డ్యూటీ. సూపర్‌వైజర్ చెప్పిన ఆకారమే రావాలి. "మీకు నచ్చిన తీరుగా కత్తిరించండి" అన్నాడు ఈయన. అంతే. కత్తెర అదే, కంచె అదే, చెయ్యీ అదే. ఆకారం మాత్రం వాళ్ల మనసులోది. మాకు ఇది వినగానే మన సైన్‌బోర్డు పెయింటర్లు గుర్తొచ్చారు. ఊళ్లో సినిమా హీరో కటౌట్లు, కిరాణా షాపు బోర్డులు, ఎన్నికల గోడరాతలు రాసిన చేతులు ఇక్కడికొచ్చాక స్ప్రే గన్ను పట్టుకుని విల్లాలకు ఒకే తెల్ల రంగు కొడుతున్నాయి. "నీకు నచ్చిన రంగు కొట్టు" అని ఎవరైనా అంటే ఏం కొడతారో?

2016లో అల్ సర్కాల్‌లోనే ఆయన ఇంకో విడ్డూరం చేశాడు. అక్కడ ఒక గోడౌన్‌ను నిజంగానే ఒక ట్రేడింగ్ కంపెనీకి సరుకు పెట్టుకోవడానికి ఇప్పించాడు. డబ్బాలు వచ్చేవి, పోయేవి. అదే ఎగ్జిబిషన్! గోడౌన్లు గ్యాలరీలైన చోట ఒక గ్యాలరీని తిరిగి గోడౌన్ చేశాడన్నమాట. లోడింగ్, అన్‌లోడింగ్ పని చేసే మిత్రులు ఇది చదివి నవ్వుకోవచ్చు. మేమూ నవ్వుకున్నాం. కానీ నవ్వాక ఒక ఆలోచన మిగులుతుంది. డబ్బాలు మోసే మనిషిని రోజూ చూసినా ఎవరూ చూడరు. గ్యాలరీలో పెడితే ఆగి చూస్తారు.

ఈ దేశపు మనిషే ఒకాయన, హసన్ షరీఫ్. 1951లో పుట్టి 2016లో పోయాడు. ఎమిరేట్స్‌లో కొత్త తరహా కళకు ఆయన్నే పెద్దగా చెప్తారు. ఆయన బొమ్మలు దేనితో చేశాడనుకున్నారు? బజారులో దొరికే చవక సామానుతో. రబ్బరు చెప్పులు, ఇనుప తీగ, కొబ్బరి నార, అట్టలు, గుడ్డ పేలికలు, తాళ్లు. చెప్పులు తీగతో కట్టి గుట్టగా పోసిన పని ఒకటుంది, 2009 నాటిది. క్యాంపు రూము గుమ్మం ముందు రాత్రి పది గంటలకు పడి ఉండే చెప్పుల కుప్ప చూసినవాడెవడైనా దాని ముందు ఒక్క నిమిషం ఆగుతాడు. ఆయన అర్థం వేరే కావచ్చు. సముద్రం మీదుగా కుప్పలు తెప్పలుగా వచ్చి పడే సరుకుల గురించి, పనికిరాని కొనుగోళ్ల గురించి ఆయన ఎక్కువ ఆలోచించాడంటారు. మనకు కనిపించేది మన గుమ్మమే. అదీ తప్పు కాదు. బొమ్మ ముందు నిలబడిన మనిషి తన బతుకుతోనే చూస్తాడు మరి. ఆయన పనులన్నీ కలిపి 2017 చివర్లో షార్జా ఆర్ట్ ఫౌండేషన్ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది.

ఇక మాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి. దీన్ని కొంచెం తీరుబడిగా చెప్తాం.

షార్జా క్రీక్ ఒడ్డున చెక్క పడవలు చూశారు కదా. వాటిలో చాలామటుకు గుజరాత్‌లో, కచ్ తీరంలో కట్టినవి. సరంగులు, ఖలాసీలు కూడా అక్కడివాళ్లే ఎక్కువ. సింధ్, బలూచిస్తాన్, ఇరాన్ తీరాల వాళ్లూ ఉంటారు. ఇక్కడ సరుకెత్తుకుని సోమాలియా దాకా పోతారు. ముంబైకి చెందిన క్యాంప్ అనే కళాకారుల బృందం (పేరు మన క్యాంపు లాంటిదే, మనకు సంబంధం లేదు) 2009లో షార్జా బియన్నాలే కోసం ఈ రేవు దగ్గర పని చేసింది. బియన్నాలే అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, షార్జాలో 1993 నుంచి నడుస్తోంది. వాళ్లేం చేశారంటే, ఏ పడవ ఏ సరుకుతో సోమాలియాలోని ఏ రేవుకు పోయిందో లెక్క రాసి పుస్తకం వేశారు. రేవులోనే కొన్ని సాయంత్రాలు ఒక చిన్న రేడియో నడిపారు. పడవల మీదివాళ్ల మాటలు, పాటలు ఆ రేడియోలో.

అంతటితో ఆగలేదు. పడవల్లో పనిచేసేవాళ్ల చేతుల్లో అప్పటికే కెమెరా ఫోన్లు ఉన్నాయి. నడి సముద్రంలో తీరిక దొరికినప్పుడు వాళ్లు వీడియోలు తీసుకునేవాళ్లు. అలలు, సరుకు, ఎదురొచ్చే ఇంకో పడవ, డెక్కు మీద తోటివాళ్లు. ఆ వీడియోలకు తమకు నచ్చిన సినిమా పాటో, ఖవ్వాలీయో, భజనో జత చేసి రేవు రేవునా ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు బ్లూటూత్‌లో పంపుకునేవాళ్లు. క్యాంప్ వాళ్లు నాలుగేళ్ల పాటు ఈ వీడియోలు పోగేసి, ఆ పాటలు అట్లాగే ఉంచి, ఒక సినిమాగా కూర్చారు. 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్' దాని పేరు. 2013లో షార్జా బియన్నాలేలో చూపించారు. గంటా ఇరవై నిమిషాలకు పైన ఉంటుంది.

ఇందులో గొప్ప ఏముంది అంటారా? గొప్ప ఇక్కడే ఉంది. గల్ఫ్‌లో పనివాళ్ల మీద బొమ్మలకు, ఫొటోలకు, డాక్యుమెంటరీలకు కొదవ లేదు. నీలం డ్రెస్సు, పసుపు హెల్మెట్, వెనక సూర్యుడు, మనిషి మొహం మాత్రం నీడలో. చూడగానే అయ్యో అనిపించేట్టు. తీసినవాడి మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ బొమ్మలో మనిషి కనపడడు, కష్టం ఒక్కటే కనపడుతుంది. ఈ పడవ సినిమాలో అట్లా కాదు. ఏది తీయాలో, ఎప్పుడు తీయాలో, దానికి ఏ పాట పెట్టాలో పడవలో వాళ్లే అనుకున్నారు. అందుకే అందులో ఏడుపు తక్కువ. గొప్పలు ఉంటాయి, ఎగతాళి ఉంటుంది, విసుగు ఉంటుంది, ప్రేమ పాటలు ఉంటాయి. మన ఫోన్లలో ఏముంటాయి? అవే. బాల్కనీలో ఆరేసిన బట్టల మధ్య తీసుకున్న వీడియో, బతుకమ్మ పాట మీద క్యాంపు మెస్ వీడియో, బస్సు అద్దంలోంచి బుర్జ్ ఖలీఫా. మెమొరీ నిండిందని రోజూ చెరిపేస్తాం. అన్నీ చెరపకండి మిత్రులారా. కొన్ని ఉంచండి, తేదీ, చోటు రాసి పెట్టుకోండి.

అల్ సర్కాల్‌లో 2019లో ఇషారా ఆర్ట్ ఫౌండేషన్ తెరిచారు. అమ్మకాలు లేని సంస్థ. మన ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక వైపు కళాకారుల పనులు చూపించడం కోసమే పెట్టింది. వాళ్ల మొదటి ఎగ్జిబిషన్‌లో ఇద్దరు ఆడవాళ్ల పనులు పెట్టారు. ఒకరు జరీనా. అలీగఢ్‌లో 1937లో పుట్టి, పెళ్లయ్యాక దేశాలు తిరిగి, చివరికి న్యూయార్క్‌లో చాలా కాలం ఉండి, 2020లో లండన్‌లో కన్నుమూశారు. ఈమె ఇండియా దాటాక పుట్టింటివాళ్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు. తిరిగి పోదామంటే ఇల్లే లేదు. ఆమె 1999లో చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన 36 చిన్న బొమ్మలు ఉన్నాయి. ఒక్కో బొమ్మకు ఒక్కో ఉర్దూ మాట. ఘర్, చౌఖట్, దర్వాజా, ఫాసలా... ఇల్లు, గడప, తలుపు, దూరం. బొమ్మంటే పెద్ద చిత్రమేమీ కాదు, నాలుగు నల్ల గీతలు, అంతే. వాటన్నిటికీ కలిపి ఆమె పెట్టిన పేరుకు అర్థం, ఇల్లు అనేది పరాయి చోటు అని.

ఆ మాటలు చదవడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు. కరీంనగర్, నిజామాబాద్ మనిషికి దర్వాజా అంటే ఎవరైనా చెప్పాలా? మన ఇళ్లల్లో అదే మాట. రెండేళ్లకో మూడేళ్లకో నలభై రోజుల లీవు మీద పోతాం. బిడ్డ పెరిగి ఉంటుంది, గోడకు కొత్త రంగు ఉంటుంది, మంచం జాగా మారి ఉంటుంది. మన ఇంట్లో మనమే చుట్టంలా సోఫా అంచున కూర్చుంటాం. ఈ సంగతి ఫోన్లో ఎవరితో చెప్తాం? చెప్తే "గట్లేం లేదు, ఊకో" అంటారు. ఎప్పుడో అలీగఢ్‌లో ఇల్లు పోగొట్టుకున్న ఒక పెద్దామె దాన్ని నాలుగు గీతల్లో పెట్టి చూపించింది. అల్ కూజ్ క్యాంపులకు కూతవేటు దూరంలో నెలల తరబడి అది గోడ మీద ఉంది. మనవాళ్లు ఎంతమంది చూశారంటే... వేళ్ల మీద లెక్కపెట్టొచ్చేమో.

రెండో ఆమె ముంబైకి చెందిన శిల్పా గుప్తా. ఇంటిపేర్లు మార్చుకున్న వంద మంది కథలు పెట్టారు. కులం తెలియకూడదని మార్చుకున్నవాళ్లు, భయంతో మార్చుకున్నవాళ్లు, ఇట్లా రకరకాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు పడి, కంపెనీలో పదేళ్లుగా ఇంటిపేరుతోనే పిలిపించుకుంటున్న మన అన్నలు దాన్ని చూసి ఉంటే వంద కాదు, నూట యాభై కథలు అయ్యేవి!

ఇక్కడ మాకొక మాట చెప్పాలని ఉంది. బొమ్మల ముందు కూర్చోవడం మనకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గుడ్డ మీద బొమ్మల పటాలు రాస్తారు. ఒక్కో పటం బారెడు కాదు, ఎన్నో గజాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పడానికి డక్కలివాళ్లు పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవాళ్లు. సిరిసిల్ల మిత్రుల్లో పెద్దవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. అక్కడ ఎవరి ముందు పటం విప్పుతారో, పటంలో కథ వాళ్లదే. వాళ్ల మూలపురుషుడే హీరో. చూసేవాడు, చూపించబడేవాడు ఒక్కటే. నచ్చకపోతే అక్కడే అడుగుతారు, తప్పు చెబితే అక్కడే సరిదిద్దుతారు.

ఇక్కడి గ్యాలరీల్లో మనకు లోటు అనిపించేది అదే. మన ఇటుక లోపల ఉంది, మన చెప్పు లోపల ఉంది, మన కత్తెర లోపల ఉంది. మనం మాత్రం గోడకివతల. గోడ మీద అంటించే చీటీలో కళాకారుడి పేరు, ఏడాది, ఏ సామానుతో చేసింది, అన్నీ రాస్తారు. మోసినవాళ్ల, పరిచినవాళ్ల, కత్తిరించినవాళ్ల పేర్లు చీటీ దాకా రావడం అరుదు. సినిమా చివర లైట్‌బాయ్ పేరు కూడా వేస్తారు కదా, ఇక్కడెందుకు వేయరు? ఈ ప్రశ్న గ్యాలరీవాళ్లను ఎవరో పెద్ద విమర్శకుడు అడగాల్సిన పని లేదు. చూడ్డానికి పోయిన మనమే అడగొచ్చు. లోపలికి పోతేనే కదా అడిగేది.

మరి పోవడానికి అడ్డేమిటి? రెండున్నాయి. ఒకటి మన జంకు. ఇంగ్లిష్ రాదు, బట్టలు బాగాలేవు, సెక్యూరిటీ వాడు ఆపుతాడేమో. ఈ మూడింట్లో ఒక్కదానికీ పెద్ద బలం లేదు. ఉతికిన చొక్కా, ప్యాంటు చాలు. సెక్యూరిటీలో ఉండేది చాలాచోట్ల నేపాలీ, కేరళ, ఆఫ్రికా అన్నలే, వాళ్లూ మనలాంటి రూముల్లోంచి డ్యూటీకి వచ్చినవాళ్లే. హిందీలో "భయ్యా, అందర్ దేఖ్ సక్తే హై?" అంటే దారి చూపిస్తారు. వస్తువులు ముట్టుకోవద్దు, ఫొటో తీసేముందు ఒక మాట అడగండి, ఫ్లాష్ వేయొద్దు. నియమాలు ఇంతే.

రెండో అడ్డం నిజమైనది, వారపు సెలవు. 2022 జనవరి నుంచి ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారాక మన కంపెనీల్లో చాలామటుకు సెలవు ఆదివారానికి వచ్చింది. కొన్నింట్లో ఇంకా శుక్రవారమే. అల్ సర్కాల్‌లో చాలా గ్యాలరీలకు కూడా సెలవు ఆదివారమే! మిగతా రోజుల్లో సాయంత్రం ఏడింటికి మూసేస్తారు. మన బస్సు క్యాంపుకు చేరేదే ఆ టైముకు. టికెట్ లేదు, కాపలా లేదు, తలుపు తెరిచే ఉంది, కానీ మనకు వీలైన గంటలో తెరిచి ఉండదు. పక్కనే వేల మంది ఉన్న పేటలో నెలకు ఒక్క ఆదివారమైనా సాయంత్రం తొమ్మిది దాకా తలుపు తీసి, హిందీలోనో ఉర్దూలోనో చెప్పే ఒక మనిషిని పెట్టమని మేం ఈ శీర్షిక ద్వారా అడుగుతున్నాం. సమాజం కోసమే నడుపుతున్నాం అనే సంస్థలకు ఇది మోయలేని బరువు కాదు.

అందాకా ఆదివారం తెరిచి ఉండే చోట్లు రెండు చెప్తాం.

ఒకటి దుబాయిలో జద్దాఫ్ వాటర్‌ఫ్రంట్ దగ్గర జమీల్ ఆర్ట్స్ సెంటర్. 2018 నవంబరులో తెరిచారు. ప్రవేశం ఉచితం. మంగళవారం మాత్రం సెలవు. క్రీక్ ఒడ్డున తెల్ల డబ్బాలు పేర్చినట్టు ఉంటుంది. బొమ్మలు నచ్చినా నచ్చకపోయినా అక్కడి ఏడు చిన్న తోటలు చూసి రండి. ప్రపంచంలోని వేర్వేరు ఎడారుల మొక్కలు తెచ్చి పెంచుతున్నారు. తెరిచిన కొత్తలో 'క్రూడ్' పేరుతో ముడిచమురు మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. మనందర్నీ ఇక్కడికి లాక్కొచ్చిన ఆ నల్ల నూనె మీదే. లోపల లైబ్రరీ ఉంది, ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. పుస్తకాలు ఎక్కువగా అరబిక్, ఇంగ్లిష్. డిగ్రీ చదివి హెల్పర్ వీసా మీద వచ్చిన తమ్ముళ్లు మన క్యాంపుల్లో ఎంతమంది లేరు! వాళ్లకు ఏసీలో, నిశ్శబ్దంలో, ఫ్రీగా రెండు గంటలు కూర్చునే కుర్చీ దొరకడమే పెద్ద సంగతి. సోనాపూర్ నుంచి వచ్చేవాళ్లు ఎటిసలాత్ స్టేషన్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి అల్ జద్దాఫ్‌లో దిగండి. అక్కడి నుంచి ఇంకొంత దూరం ఉంటుంది. ఎండాకాలమైతే నడవొద్దు, నలుగురు కలిసి టాక్సీ పంచుకోండి.

రెండోది షార్జా ఆర్ట్ ఫౌండేషన్, అల్ మురైజా స్క్వేర్. సెలవు రోజు రోలాకు పోని తెలుగువాడు షార్జాలో ఉన్నాడా? రోలా నుంచి నడక దూరమే. పాత ఇళ్లను బాగుచేసి, మధ్యలో కొత్త హాళ్లు కట్టి 2013లో తెరిచారు. సందుల్లో నడుస్తుంటే మన పాత ఊళ్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. ప్రవేశం ఉచితం. బియన్నాలే జరిగే నెలల్లో అయితే చుట్టుపక్కల చాలా చోట్ల ప్రదర్శనలు ఉంటాయి. ఇదే సంస్థ అల్ మజర్రాలో 2018లో 'రెయిన్ రూమ్' తెరిచింది. దానికి మాత్రం టికెట్ పెట్టారు. గదిలో వాన కురుస్తుంటుంది. మీరు నడిచే చోట ఆగిపోతుంది, ఒంటి మీద చుక్క పడదు. ఎడారిలో ఏళ్ల తరబడి ఉండి ఒక్క మంచి వానలో తడవాలని మొత్తుకునే మనకు, డబ్బు కట్టి తడవకుండా బయటికి రావడం కొంచెం విడ్డూరమే. టికెట్ డబ్బులు మిగుల్చుకుని ఆ పూట బిర్యానీ తినండి, మా సలహా. ఊరి నుంచి భార్యాబిడ్డలు విజిట్ మీద వస్తే మాత్రం తీసుకుపోండి, పిల్లలకు భలే ఉంటుంది.

పోయే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో ఫోన్లో ఒకసారి చూసుకోండి. ఒక ఎగ్జిబిషన్ తీసి ఇంకొకటి పెట్టే మధ్య రోజుల్లో హాళ్లు మూసి ఉంటాయి. మొదటిసారి ఒక్కరే పోకండి, రూములో ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కనీసం తిట్టుకోవడానికైనా ఉంటుంది. పోయి చూసినవాళ్లు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎవరైనా ఆపారా, నాలుగు ముక్కలు మాకు రాసి పంపండి. తెలుగులోనే రాయండి, అచ్చుతప్పులు మేం చూసుకుంటాం. ఊళ్లో సైన్‌బోర్డులు రాసిన అన్నలు, మగ్గం నేసిన అన్నలు బొమ్మలు వేసి పంపినా వేస్తాం. పేరుతో సహా.

వచ్చే వారం మళ్లీ గ్రాట్యుటీకే వస్తాం. మధ్యలో కంపెనీ మారినవాళ్లు అడిగిన ప్రశ్నలు చాలా పోగుపడ్డాయి.